మా వర్చువల్ ఎగ్జిబిషన్‌కి అండగా నిలబడిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మా ఫైన్ ఆర్ట్స్ ఫైనల్ ఇయర్ బ్యాచ్ డిజిటల్ మీడియా వర్చువల్ ఎగ్జిబిషన్ మొదలైంది, బాగా నడుస్తోంది. నారాయణపేట నుంచి, ధర్మవరం నుంచి, దుబాయ్ నుంచి కూడా జనం వచ్చి చూస్తున్నారు, విజిటర్స్ బుక్‌లో నాలుగు మాటలు రాసి వెళ్తున్నారు. మెచ్చుకోళ్లన్నీ మా విద్యార్థుల పేరు మీదే వస్తున్నాయి. ఈ తలుపులు తెరుచుకోవడానికి వెనక ఎవరెవరు ఎంత చేశారో కూడా అందరికీ తెలియాలని ఈ పోస్టు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది ముందే చెప్పేశారు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

మేం మొదటి మీటింగ్‌లోనే ఒక మాట అనుకున్నాం. మా అమ్మానాన్నల ఫోన్లలో ఈ ఎగ్జిబిషన్ తెరుచుకోవాలి. మా బ్యాచ్‌లో చాలామంది ఇళ్లలో బొమ్మలు వేయడం చదువుకున్న మొదటి మనిషి తామే. హైదరాబాద్‌లో గ్యాలరీ అద్దెకి తీసుకుని షో పెడితే పొలం పని వదిలి, షాపు మూసి, కూలి పోగొట్టుకుని ఇంట్లోవాళ్లు రాలేరు. వర్చువల్‌గా పెడితే ఆ ఇబ్బంది ఉండదు. కానీ ఇంట్లో ఉండే ఫోన్లు పాతవి, మెమరీ తక్కువ, డేటా అయిపోతుందన్న భయం. పెద్ద కంప్యూటర్ మీద కళ్లు చెదిరేలా ఉన్న షో ఆ ఫోన్‌లో నల్లటి స్క్రీన్‌గా మిగిలిపోతే ఇక ఎవరి కోసం పెట్టినట్టు?

యాప్ వేసుకోమని అడగకూడదు కాబట్టి బ్రౌజర్‌లోనే నడిచేలా కట్టాం. ఎ-ఫ్రేమ్ అనే ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ వాడాం. లింకు నొక్కితే మామూలు వెబ్ పేజీలాగే త్రీడీ గది తెరుచుకుంటుంది, వేలితో జరుపుతూ చుట్టూ చూడొచ్చు. ల్యాబ్‌లో అన్నీ బ్రహ్మాండంగా నడిచాయి. ఫోన్లలో మాత్రం రెండో గదికి వచ్చేసరికి పేజీ ఆగిపోయేది. బొమ్మల ఫైళ్లు చూస్తే ఒక్కోటి రెండు మూడు ఎంబీలే. ఎందుకు ఆగుతోందో ఎవరికీ అంతుపట్టలేదు, అందరికీ ఒకటే టెన్షన్.

అప్పుడు గేమ్ కంపెనీలో పనిచేస్తున్న మా సీనియర్ అన్న ఒకరు ఆఫీసు అయ్యాక నేరుగా మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆయన చెప్పిన లెక్క ఇక్కడ రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. జేపీజీ ఫైలు ఎంత చిన్నదైనా ఫోన్ గ్రాఫిక్స్ మెమరీలోకి వెళ్లేటప్పుడు పూర్తిగా విప్పుకుంటుంది. అటు 4096, ఇటు 4096 పిక్సెళ్లున్న ఒక్క బొమ్మ, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, లోపల 64 ఎంబీ జాగా తీసుకుంటుంది. అదే బొమ్మని 1024కి దింపితే 4 ఎంబీ చాలు. గది నిండా అలాంటి పెద్ద బొమ్మలు వేలాడదీస్తే చిన్న ఫోన్ ఏం తట్టుకుంటుంది? దూరం నుంచి చూసేటప్పుడు చిన్న బొమ్మ, దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం పెద్దది, అదీ గ్రాఫిక్స్ మెమరీలో కూడా విప్పుకోకుండా ఉండే కేటీఎక్స్2 ఫార్మాట్‌లో వచ్చేలా ఆయన మా పక్కనే కూర్చుని మార్పించారు. తను చేసి ఇచ్చేస్తే గంటలో అయిపోయేది. మా చేత చేయించారు, అందుకే మాకు వచ్చింది. అన్నా, మీకు చాలా థ్యాంక్స్.

ఫోన్ల సంగతి వచ్చింది కాబట్టి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్ల షాపు నడిపే భాయ్ గురించి చెప్పాలి. ‘పాత ఫోన్లలో మా వెబ్‌సైట్ తెరిచి చూసుకోవచ్చా?’ అని అడిగితే కౌంటర్ లోపలికి రమ్మని స్టూల్ వేశారు. కొనేవాళ్లు వస్తూనే ఉన్నారు, బేరాలు జరుగుతూనే ఉన్నాయి, ఒక పక్కన మేం ఒక్కో ఫోన్ ఆన్ చేసి గదులన్నీ తిరిగి చూసుకుంటున్నాం. ఏ మోడల్ ఎక్కువ పల్లెటూళ్లకి వెళ్తుందో ఆయనే ఏరి ముందు పెట్టారు. స్క్రీన్ పగిలిన ఫోన్ ఒకటి ‘ఇది తీసుకెళ్లండి, పని అయ్యాక ఇద్దురు’ అని చేతిలో పెట్టారు. డిపాజిట్ ఇస్తామంటే ఒప్పుకోలేదు. ఆ ఫోన్‌లో నడిస్తేనే గది పాసైనట్టు అని మేం రూల్ పెట్టుకున్నాం. భాయ్, ఆప్‌కా బహుత్ షుక్రియా.

ఇక లేబుళ్లు. ఏ ఎగ్జిబిషన్‌లో అయినా బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది కదా, బొమ్మ పేరు, వేసినవాళ్ల పేరు, రెండు మూడు వాక్యాలు. మా చీటీలన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాం. తీరా గదిలో పెడితే అక్షరాలు చెదిరిపోయాయి. ‘జ్ఞాపకం’ అని రాస్తే జ పక్కన విడిగా ఒక పొల్లు, దాని పక్కన విడిగా ఞ. ‘స్త్రీ’ అయితే చెప్పనే అక్కర్లేదు, ఒత్తులన్నీ ఎక్కడివక్కడ విడిపోయి వరుసలో నిలబడ్డాయి. త్రీడీ గదుల్లో అక్షరాలు పేర్చే పద్ధతి ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, మన గుణింతాలకీ ఒత్తులకీ సరిపోదు. ఇంగ్లీషులో పెట్టేస్తే గొడవే ఉండదని మాకు సలహాలు కూడా వచ్చాయి.

డాలస్‌లో ఉంటున్న ఒక అక్క, మా కాలేజీ కాదు, మా యూనివర్సిటీ కూడా కాదు, ఎవరో ఫార్వర్డ్ చేసిన స్క్రీన్‌షాట్ చూసి తనే మెసేజ్ పెట్టారు. ‘అక్షరాలు మీరు పేర్చకండి, బ్రౌజర్‌కి వదిలేయండి’ అన్నారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంటుంది. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, ఏ గుణింతం ఎలా అతకాలో అది చూసుకుంటుంది. కాబట్టి కనపడని కాన్వాస్ మీద, అంటే వెబ్ పేజీలో బ్రౌజర్ బొమ్మలు గీసే చోట, దాని చేత తెలుగు రాయించి, దాన్ని బొమ్మలాగా తీసుకెళ్లి గది గోడకి అంటించాలి. ఆమె ఒక చిన్న కోడ్ రాసి పంపారు. మాకు పొద్దున్న అయితే ఆమెకి రాత్రి. పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి కాల్‌లో కూర్చునేవారు. మొదటిసారి ‘జ్ఞాపకం’ అని గోడ మీద చక్కగా వచ్చినప్పుడు ల్యాబ్‌లో అందరం చప్పట్లు కొట్టాం, అవతల ఆమె కూడా కొట్టారు.

అక్షరాల కోసం వాడింది మండలి ఫాంట్. సిలికానాంధ్ర వాళ్లు ఎవరైనా వాడుకోవచ్చని స్వేచ్ఛగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో ఇదొకటి. 1975లో హైదరాబాద్‌లో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకి ముందుండి పనిచేసిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత మా లాంటి విద్యార్థులు పైసా కట్టకుండా ఇంత మంచి అక్షరాలు వాడుకోగలిగామంటే ఆ ఫాంట్లు గీసినవాళ్ల పుణ్యమే. మనం రోజూ వాడతాం, వాళ్లకి ఎవరం థ్యాంక్స్ చెప్పం. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

చీటీల్లో వాక్యాలు దిద్దిపెట్టిన తెలుగు శాఖ రీసెర్చ్ స్కాలర్ మేడమ్‌కి కూడా నమస్కారాలు. మేం రాసుకొచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేసి ‘మీ అమ్మకి ఫోన్‌లో చెప్పినట్టు రాయండి’ అన్నారు.

అందరూ ఎక్కువగా అడుగుతున్న గది తోలుబొమ్మలది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అంటే తోలుబొమ్మలకి పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా బ్యాచ్ అమ్మాయి ఒకామెది అటువైపే. తన ప్రాజెక్టు కోసం అక్కడ ఒక కుటుంబాన్ని కలిసింది, మేం కొందరం తోడు వెళ్లాం. పెద్దాయన పెట్టె తెరిచి బొమ్మల్ని ఒక్కొక్కటే తీశారు. ఫొటోకి కింద పరుస్తామంటే ఆగమని, లోపల్నుంచి ఉతికిన తెల్లటి పంచె తెప్పించి పరిచి, రాముడి బొమ్మకి దండం పెట్టుకుని దాని మీద పెట్టారు. మేక తోలుని పల్చగా గీకి, రంగులద్ది, నగల చోట సన్నటి చిల్లులు కొట్టి ఉంటుంది. వెనకనుంచి వెలుగు పడితే ఆ చిల్లులు ముత్యాల్లా మెరుస్తాయి, తోలు లోపల్నుంచి ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెర మీదికి దిగుతాయి. ఆ మెరుపు పోకుండా ఉండాలని వెనక లైటు పెట్టి ఒకసారి, ముందు లైటు పెట్టి ఒకసారి, రెండు రకాలుగా తీశాం.

తయారైన గదిని కొన్నాళ్ల తర్వాత ఆయనకి ఫోన్‌లో చూపించాం. చాలాసేపు చూశారు. తర్వాత ఒక మాటన్నారు. బొమ్మ తెరకి ఆనితేనే గీత తేటగా ఉండాలి, వెనక్కి లాగితే చెదిరిపోవాలి, రాక్షసుడు వచ్చేటప్పుడు ముందు మసకగా పెద్దగా వచ్చి అప్పుడు తెరకి అంటుకుంటాడు, మీ దాంట్లో అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి నాయనా అని. కొన్ని తరాలుగా దీపం వెలుగులో బొమ్మలాడించిన ఇంటి మనిషి చూపు అది. మా ఫ్రెండ్ వెంటనే పని మొదలుపెట్టింది. ఒక్కో బొమ్మకి తేటగా ఉన్నది ఒకటి, మసకగా ఉన్నది ఇంకొకటి తయారుచేసి, దూరాన్ని బట్టి ఒకదాన్లోంచి ఇంకొకదాన్లోకి మారేలా కట్టింది. చిన్న ఫోన్ మీద కూడా బరువు పడలేదు. ఇప్పుడు ఆ గదిలో రావణుడు ఎలా వస్తాడో ఒక్కసారి చూడండి. చూసినవాళ్లంతా అక్కడే ఆగిపోతున్నారు.

ఆయన పాడిన పద్యం కూడా ఆ గదిలో వినపడుతుంది. కుటుంబం పేరు, ఊరి పేరు లేబుల్ మీద ముందు వాళ్లవే ఉన్నాయి, తర్వాతే మా ఫ్రెండ్ పేరు. బొమ్మలు డౌన్‌లోడ్ చేసుకునే బటన్ పెట్టలేదు, అది వాళ్లతో మాట్లాడి తీసుకున్న నిర్ణయం. తాతగారూ, అమ్మమ్మగారూ, మీరు పెట్టిన రాగి సంగటి, చెప్పిన కథలు మర్చిపోలేం. మీకు మా అందరి పాదాభివందనాలు.

నాలుగో గదిలో ఉన్నది చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్న చెట్టు, ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మా క్లాస్‌మేట్ దాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి త్రీడీలోకి తెచ్చాడు. ఫొటోల్ని ఒకదానితో ఒకటి పోల్చి కంప్యూటర్ ఆకారం కడుతుంది, గాలికి ఆకులు కదులుతుంటే ఆ లెక్క తప్పుతుంది. మొద్దు గట్టిగా వచ్చింది, ఆకులు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. వాడు ఆ చుక్కల్ని అలాగే ఉంచి, వాన కురుస్తున్నట్టు కట్టాడు. నాకు ఈ షోలో అన్నిటికన్నా నచ్చింది అదే. మబ్బు పట్టిన రోజు రమ్మని, నీడలు పడవని, మాకంటే ముందే ఆలోచించి ఫోన్ చేసిన అక్కడి తోటపని పెద్దాయనకి రుణపడి ఉన్నాం. ఆ ఫొటోల ప్రాసెసింగ్‌కి గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ కావాలి, రాత్రంతా నడవాలి. ల్యాబ్ అసిస్టెంట్ సార్ ఇంటికి వెళ్లకుండా మాతోపాటే కూర్చున్నారు. కరెంటు పోయి వస్తే మళ్లీ ఆన్ చేసిందీ ఆయనే.

చూపు లేని ఒక లెక్చరర్ సార్ తన ఫోన్‌లో, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని మా ఎగ్జిబిషన్ తెరిచారు. త్రీడీ గది మొత్తం దానికి ఒక ఖాళీ డబ్బాలా తగిలింది, లోపల ఏముందో ఒక్క ముక్క చదవలేదు. ఆయన సలహా మీద ప్రతి గదికీ పక్కనే మామూలు అక్షరాల పేజీ ఒకటి పెట్టాం, బొమ్మ ఎలా ఉందో మాటల్లో చెప్పే పేజీ. నెట్ స్లోగా ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు ఆ పేజీనే చదువుతున్నారు. సార్, ప్రతి వర్ణనా విని ‘ఇక్కడ రంగు చెప్పలేదు’ అని మీరు పట్టుకున్నవన్నీ సరిచేశాం.

మా గైడ్ మేడమ్, హెచ్ఓడీ సార్, గదులకి సంగీతం ఇచ్చిన జూనియర్లు, టీ తాగుతూ గంటలు గంటలు కూర్చున్నా ఏమీ అనని క్యాంటీన్ అన్న, అందరికీ నమస్కారాలు. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు నారాయణపేటలో మగ్గం మీద కూర్చునే లింకు తెరిచి, ఎగ్జిబిషన్‌లో కూతురి గది చూస్తూ వీడియో కాల్ చేశారు. ‘ఈ గోడ మీద పేరు నీదేనా అమ్మా?’ అని అడిగి మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. ఆ కాల్ తర్వాత ల్యాబ్‌లో చాలాసేపు ఎవరూ పని చేయలేకపోయాం.

ఎగ్జిబిషన్ ఈ సెమిస్టర్ అయ్యేవరకు తెరిచే ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు ‘రండి’ అన్న బటన్ తప్పకుండా నొక్కండి. మీరు నొక్కేదాకా బ్రౌజర్ శబ్దాన్ని రానివ్వదు, పద్యం వినపడదు. తెలుగు లేబుళ్ల కోడ్‌ని డాలస్ అక్క అనుమతితో అందరికీ అందుబాటులో పెట్టాం. ఏ ఊరి కాలేజీ పిల్లలైనా తమ షోకి వాడుకోవచ్చు. ఎక్కడైనా ఆగిపోతే మెసేజ్ పెట్టండి, మాలో ఎవరో ఒకరం కూర్చుని చూపిస్తాం.