కొలత మా ప్రహరీ దగ్గర మొదలుపెట్టండి

సంపాదకుల వారికి,

2023 జూలై 27న హన్మకొండలోని మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆ రోజే మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. వేడి గాలికి తేమ పట్టే శక్తి ఎక్కువని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన దాన్ని, ఆ రాత్రి బియ్యం బస్తా మంచం మీదికి ఎత్తుకుంటూ కూర్చున్నాను.

ఆ ప్లాటు మేము 1992లో కొన్నాం. అదే ఏడాది రియోలో దేశాలు వాతావరణ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పటికి గాలిలో, భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 356 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. 1997లో ఆ వాయువులను తగ్గించడానికి క్యోటో ఒప్పందం కుదిరితే అమెరికా దాన్ని ఆమోదించనే లేదు. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సభ కట్టుబడక తప్పని ఒప్పందం ఏదీ లేకుండానే ముగిసింది. ఆ పోయిన ఏళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయితే మా వీధి చివర నాలాను ఇరుకు చేసింది మేమే. అది మురుగు కోసం తవ్వింది కాదు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీటిని కింది చెరువుకు చేర్చే కాలువ. కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద చెరువులు అలా గొలుసుకట్టుగానే బతికాయి. మేము వచ్చిన కొత్తలో అందులో రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పట్టేవి. మొన్న పాత పటం తెప్పించి మా ఆయనా నేనూ టేపు పట్టి కొలిచాం. మా ప్రహరీ మూడడుగులు కాలువలోకి ఉంది.

చేయగలిగింది ఇప్పటికీ చాలా ఉంది. బొగ్గుతో కరెంటు తీసే రామగుండంలోనే 2022 నుంచి జలాశయం మీద 100 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మేము పెట్టించుకున్నాం. నాలాల సంగతి మాత్రం ఇంటింటా తేలేది కాదు. వానలు పడేలోగా ప్రతి కాలనీలో నాలా అసలు వెడల్పు ఎంతో, ఇప్పుడు ఎంత మిగిలిందో బోర్డు మీద రాసి పెట్టాలని అధికారులను కోరుతున్నాను. మా గోడ తీయడానికి మేస్త్రీతో మాట్లాడాం. కొలిచేవారు ముందుగా మా గేటు దగ్గరికే రావచ్చు.

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, హన్మకొండ