సుజీకి ఉత్తరం

ఒసేయ్ సుజీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు లేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఫోన్లో చెబుదామంటే గొంతు పూడుకుపోతోంది, అందుకే కాగితం పట్టుకున్నాను. ఇంటి సంగతులు ఒక్క ముక్కలో: మా ఆయన బదిలీ ఆగింది, అత్తయ్య మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, పెరట్లో జామచెట్టు విరగకాసింది. ఇక అసలు సంగతి. మా చిన్నాడికి పెద్ద జబ్బు చేసింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, నా పక్కనే నిద్రపోతున్నాడు, కంగారు పడకుండా చదువు.

దీపావళి వెళ్ళాక జ్వరం మొదలైంది. 103, 104. మందు పోస్తే కాసేపు తగ్గడం, మళ్ళీ ఒళ్ళు కాలిపోవడం. మొదట చూపించిన చోట వైరల్ అన్నారు, యాంటీబయాటిక్ కూడా వాడాం. కాకినాడలో ఎక్కడ చూసినా డెంగ్యూ కదా, ఇంట్లో అందరి నోటా ప్లేట్‌లెట్ల మాటే. అత్తయ్య బొప్పాయి ఆకులు కోయించి సిద్ధంగా పెట్టారు. పరీక్షలో డెంగ్యూ లేదని వచ్చింది, జ్వరం మాత్రం దిగలేదు. తర్వాత రెండు కళ్ళూ ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. పెదాలు పగిలి నెత్తురు వచ్చింది. వీపు నిండా దద్దుర్లు. పాదాలు ఉబ్బిపోయి చెప్పులు తొడగబోతే కేకలు. అన్నిటికన్నా వాడి ఏడుపే, సుజీ. ఎత్తుకున్నా ఏడుపే, దింపినా ఏడుపే. వాడెంత నవ్వుమొహమో నీకు తెలుసుగా! నీ ఫోటో చూపించి 'గుజ్జీ పిన్ని' అన్నా నవ్వలేదు.

ఐదో రోజున పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మది చిన్న వయసే. మన హాస్టల్లో 'టార్చిలైటు' ఉండేది చూడు, అచ్చం ఆవిడ చూపే, దేన్నీ వదలదు. కళ్ళు చూసింది, నాలుక చూసింది (ఎర్రగా, పైన గింజలు గింజలుగా ఉంది), మెడ పక్కన బిళ్ళలు నొక్కి చూసింది. ఆ తర్వాత వాడి ఎడమ చేతి చొక్కా పైకెత్తింది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా మచ్చ ఉంటుంది కదా, అది. మూడేళ్ళనాటి మచ్చ ఎర్రగా కంది, చుట్టూ గట్టిపడి ఉంది. ఆవిడ వేలితో దాని చుట్టూ తడిమి, "ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగింది. నాకు కాళ్ళు వణికాయి. టీకా మచ్చ గురించి ఎందుకు అడుగుతోంది!

కవసాకి జబ్బు అంది. దీన్ని పట్టుకోవడానికి ప్రత్యేకంగా రక్తపరీక్ష ఏదీ లేదట, ఇలా ఒక్కో లక్షణం చూసుకుంటూ పోల్చుకోవాలట. అందరికీ రాకపోయినా, ఆ మచ్చ ఎర్రబడితే మాత్రం పెద్ద ఆనవాలట. జపాన్లో తోమిసాకు కవసాకి అనే పిల్లల డాక్టరు 1961లో ఒక నాలుగేళ్ళ బాబులో దీన్ని మొదటిసారి గమనించి, 1967లో యాభై మంది పిల్లల సంగతి రాశాడట. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదట. రక్తనాళాలు వాస్తాయి, ముఖ్యంగా గుండెకి రక్తం తీసుకెళ్ళేవి. వైద్యం అందకపోతే నలుగురైదుగురిలో ఒకరికి ఆ నాళాలు ఉబ్బిపోతాయట. జ్వరం వచ్చిన పది రోజుల్లోపు మందు ఎక్కిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందట. నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎకోలో, అదే గుండెకి చేసే స్కాన్‌లో, ఎడమవైపు నాళం కొంచెం వెడల్పయిందని అప్పటికే కనిపించింది.

ఆ మందు ఇమ్యునోగ్లోబులిన్. కిలోకి 2 గ్రాములు. వాడు 14 కిలోలు, అంటే 28 గ్రాములు. ఒక్కో సీసా వేలల్లో ఉంది. గొలుసు తాకట్టు పెట్టాం, అదే, నువ్వు దగ్గరుండి ఎంపిక చేసిన గొలుసు. అమ్మకి చెప్పకు. రాత్రంతా చుక్క చుక్కగా ఎక్కుతూనే ఉంది, నర్సు వచ్చి జ్వరం చూడడం, బీపీ చూడడం. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి ప్లాస్మా తీసి దాన్ని తయారుచేస్తారట. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో... ఆ సీసా వంక చూస్తూ వాళ్ళందరికీ దండం పెట్టుకున్నాను సుజీ. నాకు తెలిసిన దేవుళ్ళకి అప్పటికే పెట్టేశాను.

తెల్లవారాక ఒళ్ళు చల్లబడింది. వాడు లేచి కూర్చుని "నా చెప్పులేవి?" అన్నాడు. మా ఆయన వరండాలోకి వెళ్ళి ఏడ్చారు. ఆయన ఏడవడం నువ్వెప్పుడైనా చూశావా?

ఇంటికొచ్చాక వేళ్ళ చివర్లు పొరలు పొరలుగా ఊడాయి, అత్తయ్య హడలిపోయి దిష్టి తీశారు. అది ఈ జబ్బులో మామూలేనట. ప్లేట్‌లెట్లు పడిపోతాయని భయపడ్డామా, వీడికి అవి విపరీతంగా పెరిగాయి! రక్తం గడ్డకట్టకుండా రోజూ కొద్దిగా ఆస్పిరిన్ ఇస్తున్నాం. వచ్చే వారం మళ్ళీ ఎకో. రాత్రుళ్ళు లేచి వాడి గుండె మీద చెయ్యి వేసి చూస్తున్నాను. ఆవిడ ఆ రోజు చొక్కా ఎత్తి చూడకపోయి ఉంటే... వద్దులే.

ముఖ్యమైనది మర్చిపోతున్నాను. మీ చిన్నదానికి ఆటలమ్మ పోసిందని రాశావు. ఆస్పిరిన్ వాడే పిల్లలకి ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ సోకితే కాలేయానికీ మెదడుకీ ప్రమాదమట. ఆటలమ్మ టీకా వేయిద్దామంటే ఆ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక 11 నెలలు ఆగాలన్నారు. అందుకని పొక్కులన్నీ ఎండి మాడిపోయేదాకా ఇటు రావద్దు. సంక్రాంతి ప్రయాణం డాక్టరమ్మని అడిగాకే. నిన్ను రావద్దని రాయడం నా వల్ల కావడం లేదు, కానీ రాశాను. దానికి వేపాకు పాన్పూ చలవా అవీ చూసుకో, గోకనివ్వకు. మచ్చలు పడతాయి. ఇంకా ఆ హైదరాబాదు సంగతి...

వాడు లేచాడు. మాత్ర నీళ్ళలో కలిపి పట్టాలి, ఉమ్మేస్తాడు. ఎకో చూశాక రాస్తాను.

నీ,
పద్దు