శ్రీనుకి ఉత్తరం: దారంతో కొలవకురా

విశాఖపట్నం

ఒరేయ్ శ్రీనూ,

కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నని పడవలో) ఐస్‌లాండ్ చుట్టిరావాలని పటం మీద దారం పరిచి, రోజుకి 40 కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎన్నాళ్ళు పడుతుందో తేల్చేశానని రాశావు. ఆ లెక్క నిలవదురా. ఒడ్డెక్కగలిగే ఒక చోటికీ మరో చోటికీ మధ్య ఎంతుందో అదే అసలు దూరం. పాల్ కాఫిన్ అనే కయాకర్ 1981-82లో 360 రోజుల్లో కయాక్‌లో ఆస్ట్రేలియా చుట్టొచ్చాడు కదా, పడమటి తీరంలో జ్యూట్‌డార్ప్ కొండల కింద ఆగే జాగా లేక రాత్రంతా తెడ్డేస్తూనే ఉండాల్సొచ్చింది.

ఐస్‌లాండ్ దక్షిణ తీరం ఇంకో రకం. నల్ల ఇసుక, ఎక్కడైనా దిగొచ్చనిపిస్తుంది. కానీ ఆగ్నేయాన ఉన్న హోఫ్న్ ఊరి రేవు దాటి పడమరకి వెళ్తే చాలా దూరం సహజమైన రేవు దొరకదు, అట్లాంటిక్ కెరటాలు నేరుగా ఆ ఇసుక మీదే విరుగుతాయి. ఋషికొండ నుంచి భీమిలి దాకా మనదీ చాలా మటుకు అలాంటి తెరిపి తీరమే కాబట్టి, తర్ఫీదు ఇక్కడే మొదలుపెట్టు.

కెరటాలు విరిగే చోటికి బయటే ఆగి, పది నిమిషాలు ఊరికే చూడు. పెద్దవి గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త నెమ్మదిస్తుంది. ఆఖరి పెద్దది నీ కింద నుంచి దాటగానే దాని వీపు మీదే ఉండేలా గట్టిగా తెడ్డెయ్యి. తొందరపడి ముందుకి జారావో, కయాక్ ముక్కు ఇసుకలో దిగబడి అది అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఒడ్డు వైపు ఒరగకు, నురగ వైపే ఒరిగి తెడ్డు దాని మీద ఆనించు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, చెయ్యి పైకెత్తితే భుజం జారిపోతుంది. దిగడం మాత్రం ఎప్పుడూ సముద్రం వైపే. ఒడ్డు వైపు నిలబడితే తర్వాతి కెరటం కయాక్‌ని తెచ్చి నీ మోకాళ్ళకి కొడుతుంది. సామాన్లతో అది 60 కిలోలు దాటుతుంది, లోపలికి నీళ్ళొస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఖాళీ కయాక్‌తో వచ్చిన ధీమాని నమ్మకు, బరువుతో సాధన చెయ్యి. నీళ్ళ సంచులు, తిండి డబ్బాలు సీటుకి దగ్గరగా, అడుగున. చివర్లలో స్లీపింగ్ బ్యాగ్, బట్టలు. ముక్కు బరువైతే వెనక నుంచి కెరటం వచ్చినప్పుడల్లా తోక పక్కకి జారుతుంది. తోక బరువైతే గాలి ముక్కుని తోసేసి ఎదురు తిరగనివ్వదు. రెంటిలో మొదటిదే నాకు ఎక్కువ భయం.

పోటు, పాటు నీళ్ళు ఎదురుగాలిని ఢీకొనే కొండ ముక్కుల దగ్గర కెరటాలు నిట్టనిలువుగా లేస్తాయి. నీళ్ళు నిలకడగా ఉన్న వేళే దాటాలి.

మన నీళ్ళు నేర్పలేనిది చలి. అక్కడ వేసవిలోనూ నీళ్ళు 10 డిగ్రీల దరిదాపులే. పడగానే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఆ పైన పది నిమిషాలే చేతులు మాట వింటాయి. అందుకే డ్రై సూట్ (లోపలికి నీళ్ళు రానివ్వని దుస్తులు) లేకుండా బయల్దేరనని మాటివ్వు. బోల్తాపడితే కయాక్‌లోంచి బయటికి రాకుండానే రోల్ చేసి లేవడం రెండు వైపులా రావాలి.

ఇక్కడ పొద్దున్నే బయల్దేరు, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే మన ప్రభుత్వ సంస్థ) సూచన చూసుకో, మంగమారిపేట జాలర్లకి చెప్పి వెళ్ళు. డాల్ఫిన్ నోస్ వైపు మాత్రం వద్దు, అది ఓడల దారి.

పటంలో ఒడ్డెక్కగలిగే చోట్లన్నీ చుక్కలు పెట్టి పంపు. గంటకి 5 కిలోమీటర్లు వేసుకో. ఏ రెండు చుక్కల మధ్యయినా 50 దాటితే ఎర్ర గీత గియ్యి, మన మాటంతా ఆ గీతల గురించే.

నీ
సత్తిబాబు