నాలుగు కార్డ్స్ సరే, మరి చెయ్యి మారేదెలా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకి గిటార్ నేర్పించడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ, ‘నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే పట్లు) వస్తే చాలు, ఏ పాప్ పాటైనా వాయించేయొచ్చు’ అన్న మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండింది. ఈ మాట కోచింగ్ వాళ్ల పాంప్లెట్లలో ఉంటుంది, యూట్యూబ్‌లో ఉంటుంది, ఇప్పుడు పేపర్లో కూడా వచ్చిందంటే ఇక ఇంట్లో పెద్దవాళ్లు ‘నాలుగే కదా, ఇన్నాళ్లయినా రాలేదా’ అని మొదలుపెడతారు. వాళ్లు అలా అడగడం మొదలెట్టాక గిటార్ బీరువా పైకి ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టదు. మా అపార్ట్‌మెంట్‌లోనే అలా ఎక్కినవి ఉన్నాయి.

ఆ మాట అబద్ధం అనట్లేదు. ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ 2017 పాట ‘పర్ఫెక్ట్’నే తీసుకోండి. మా చుట్టుపక్కల గిటార్ పట్టిన పిల్లలు ముందు అడిగేది అదే, 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఆయన కచేరీ అయ్యాక ఈ పిచ్చి ఇంకా ముదిరింది. (ఆ టూర్‌లోనే బెంగళూరులో గాయని శిల్పా రావుతో కలిసి మన ‘దేవర’ సినిమా పాట ‘చుట్టమల్లే’ కూడా పాడాడు, తెలుగు మాటలు ఎంత కష్టపడి పట్టాడో పాపం.) ‘పర్ఫెక్ట్’ దాదాపు అంతా జీ, ఈ మైనర్, సీ, డీ (G, Em, C, D) అనే కార్డ్స్ చుట్టూనే తిరుగుతుంది. 1961లో బెన్ ఈ కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’లో వరుస కూడా ఇదే, శ్రుతి వేరు అంతే. కాబట్టి నాలుగే. ఒక్కో కార్డ్ విడిగా పట్టుకోవడం కూడా త్వరగానే వస్తుంది. రానిది ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం. జీ వదిలి ఈ మైనర్‌కి వెళ్లేటప్పుడు వేళ్లన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేస్తాయి, ఎక్కడ దిగాలో తెలియక తడుముకుంటాయి, ఈలోపు పాట ముందుకెళ్లిపోతుంది. నెలలు పట్టేది ఇక్కడే, మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

నేర్పడం తెలిసిన మాస్టారైతే ఇక్కడ ఒక చిట్కా చెబుతారు. మా అమ్మాయికి గిటార్ నేర్పిన రెండో మాస్టారు మాకు చెప్పారు. సన్న తీగ మొదటిది, లావు తీగ ఆరోది, గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు ఫ్రెట్లు అని గుర్తుపెట్టుకోండి. ఉంగరపు వేలు రెండో తీగ మీద, చిటికెన వేలు మొదటి తీగ మీద, రెండూ మూడో ఫ్రెట్‌లో పెట్టి ఇక అక్కడే ఉంచేయాలి, పాట అయ్యేదాకా తియ్యకూడదు. కదిలేవి చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే. చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్‌లో, మధ్య వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో ఉంటే జీ. చూపుడు వేలిని కదపకుండా మధ్య వేలిని నాలుగో తీగ రెండో ఫ్రెట్‌కి తెస్తే ఈ మైనర్ 7. జీ పట్టినప్పటి ఆ రెండు వేళ్లనూ అలాగే ఒక్కో తీగ కిందికి (సన్న తీగ వైపు) దించితే సీ యాడ్ 9, అంటే సీకి చుట్టం. మధ్య వేలు ఎత్తేసి చూపుడు వేలిని మూడో తీగ రెండో ఫ్రెట్‌లో పెట్టి, కింది నాలుగు తీగలే మీటితే డీ సస్ 4, ఇది డీకి చుట్టం. రికార్డులో విన్నట్టు అచ్చంగా ఉండదు, తెలిసినవాళ్లు పట్టేస్తారు, కానీ పాట ఆగదు. పాట ఆగకపోతే పిల్లలు గిటార్ వదలరు. అసలు డీ తర్వాత నేర్చుకోవచ్చు.

కుడిచేతి సంగతి కూడా ఉంది. క్లాసుల్లో మొదట నేర్పే స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ లయగా మీటడం) నాలుగు లెక్కలో ఉంటుంది, దాన్నే తెచ్చి ఈ పాటకి వేయమంటే ఎలా కుదురుతుంది, ఇది మూడు మూడుగా నడిచే పాటైతే? సంగీతం క్లాసులకి వెళ్లినవాళ్లకి తిశ్ర గతి అంటే వెంటనే అర్థమవుతుంది, తకిట అని నాలుగుసార్లు అనుకుంటే ఒక బార్, అంటే తాళంలో ఒక చుట్టు అయిపోతుంది. ముందు గిటార్ పక్కన పెట్టి తొడ మీద తాళం వేస్తూ పాడించండి.

ఇక శ్రుతి. ‘పర్ఫెక్ట్’ అసలు రికార్డు ‘ఏ ఫ్లాట్’ (A♭) అనే శ్రుతిలో ఉంది, మన లెక్కలో ఐదున్నర శ్రుతి. జీ ఆకారాలతో మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెడితే సరిగ్గా అక్కడికి వస్తుంది. మా అమ్మాయి వెళ్లిన మొదటి క్లాసులో, రికార్డుతో కలిపి వాయించాలి కాబట్టి అందరూ అదే శ్రుతిలో పాడాలన్నారు. ఆ పాట పాడింది మగగొంతు, ఈ పిల్లకి చరణంలో గొంతు అడుగంటిపోయేది, పై స్థాయిలో ఎత్తుకుంటే పల్లవి దగ్గర కీచుమనేది. నాకు పాడటం రాదు అని అది తేల్చేసుకుంది. చిన్నప్పుడు నాలుగు కీర్తనలు నేర్చుకున్న దాన్ని కాబట్టి నాకు ఇది వింతగా అనిపించింది. మన దగ్గర ఏ టీచరైనా ముందు అడిగేది ‘నీ శ్రుతి ఎంతమ్మా’ అనే కదా? కేపోని ఐదో ఫ్రెట్‌కి జరిపాం, ఒకటో శ్రుతి అయింది, పాట దాని గొంతులో కూర్చుంది. వేళ్లు అవే, ఆకారాలూ అవే. ఫ్రెట్‌కి ఒక స్వరస్థానం చొప్పున పైకి జరపడం, అంతకన్నా అందులో ఏమీ లేదు.

గిటార్ కొనేవాళ్లకి ఇంకో మాట. తక్కువ ధరలో దొరికే చాలా గిటార్లకి తీగలు మరీ ఎత్తులో ఉంటాయి. 12వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 2, 2.5 మిల్లీమీటర్లు ఉంటే సుఖం, అంతకు మించి బాగా పెరిగితే పెద్దవాళ్ల వేళ్లకే నొప్పి. మన ఎండాకాలం 40 డిగ్రీల వేడికీ, ఆ వెంటనే వచ్చే వానల తేమకీ చెక్క ఎలాగూ కదులుతుంది. షాపు అతన్ని ‘యాక్షన్ (తీగల ఎత్తు) తగ్గించి ఇవ్వండి’ అని అడిగి సరిచేయించుకున్నాకే డబ్బులు ఇవ్వండి. వేళ్లు నొప్పెడుతున్నాయన్న పిల్లని బద్ధకం అని తిట్టేముందు స్కేలు పెట్టి కొలవండి.

మీకు నా విన్నపం ఒకటే. వ్యాసం చివర ‘వచ్చే వారం నుంచి వారానికో పాట’ అన్నారు. మాటల మీద కార్డ్స్ పేర్లు మాత్రం వేసి వదిలేయకండి. అసలు పాట ఏ శ్రుతిలో ఉంది, ఆడపిల్లలకి కేపో ఎక్కడ పెడితే హాయిగా ఉంటుంది, తాళం మూడా నాలుగా, ఏ కార్డ్ నుంచి ఏ కార్డ్‌కి మారడం కష్టం, ఇవి కూడా పెట్టండి. చోటు చాలకపోతే మీరు వేసే గిటారిస్టుల ఫొటో కాస్త చిన్నది చేయండి. మధ్యమధ్యలో తెలుగు పాటలు కూడా వేయండి, ఇంగ్లిష్ పాటలకైతే నెట్‌లో సరైన కార్డ్స్ దొరుకుతాయి, మన పాటలకి దొరికేవి చాలావరకు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టినవే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్