కూల్చేముందు ఫెన్‌వేను చూడండి

సంపాదకులకు,

పాత స్టేడియం కూల్చాలనేవారు అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న ఫెన్‌వే పార్క్‌ను గమనించాలి. 1912లో తెరిచిన ఈ బేస్‌బాల్ మైదానంలో చెక్క గ్యాలరీలు 1926లో కాలిపోయాయి. 1934లో మరమ్మతుల మధ్యే మళ్లీ మంటలు! అయినా ఆ చోటు వదల్లేదు. కాంక్రీటు, ఉక్కుతో కట్టుకున్నారు. ఎడమవైపు గోడ ఎత్తు 37 అడుగుల 2 అంగుళాలు. 1947లో దానిపై ప్రకటనలు తీసేసి ఆకుపచ్చ రంగు వేశారు, 1976లో రేకు స్థానంలో ప్లాస్టిక్ పలకలు బిగించారు. స్కోరుబోర్డు అంకెలు నేటికీ చేత్తోనే మారుస్తారు.

అక్కడ నిప్పుతో భయమైతే, మన డెల్టాలో భయం నీటితోనే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గ్యాలరీ మెట్లు అందుకే చీలతాయి. తీరప్రాంతంలో ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడతాయి. పైపూత దండగ. ముందు చుట్టూ డ్రెయిన్ పూడిక తీయించండి, తర్వాత పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, కాంక్రీటు వేయించండి.

– మైదానాల నిర్వాహకులు, కోనసీమ