167 డయళ్ల లెక్క

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన వాచీల కంపెనీల్లో సప్లయ్ చెయిన్ ఉద్యోగం అనగానే కెరీర్ కథనాల్లో షోరూం తళుకులే కనిపిస్తాయి. అందులో చేరాలనుకునేవారికి రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

సాదా మెకానికల్ వాచీలోనూ వందకు పైగా భాగాలుంటాయి. ఒక్కటి రాకపోయినా మిగతావన్నీ బీరువాలో పడి ఉండాల్సిందే. కేసు (వాచీ పైతొడుగు) బంగారంతో చేసిందైతే పెట్టుబడి కూడా అక్కడే ఇరుక్కుంటుంది. వాచీ నడక వేగాన్ని అదుపులో ఉంచే హెయిర్‌స్ప్రింగునే తీసుకోండి. తలవెంట్రుక కన్నా పల్చగా ఉండే ఈ భాగాన్ని చేయగలవాళ్లు బహు కొద్దిమంది. చాలా స్విస్ బ్రాండ్లు స్వాచ్ గ్రూపులోని నివారాక్స్ అనే కంపెనీ వైపే చూస్తాయి. ఒకరు ఇవ్వకపోతే మరొకరి దగ్గర కొనుక్కుందామంటే కుదరదు.

డయళ్ల కథ వేరు. ఎనామెల్ (గాజుపొడి పూత) డయల్‌ను 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పలుమార్లు కాలుస్తారు. ఆఖరి కాల్పులోనూ పగులు రావచ్చు, నల్లచుక్క పడవచ్చు. వందలో 60 మాత్రమే నిలిచే డయల్ అనుకుందాం. మనకు 100 మంచివి కావాలి. కొత్తగా చేరినవారు 40 శాతం కలిపి 140 ఆర్డరు పెడతారు. చేతికొచ్చేవి 84. వందను 0.6తో భాగించాలి, అంటే 167. ఈ చిన్న లెక్క తప్పితే 16 వాచీలు ఆగిపోతాయి.

సమయం కచ్చితంగా చూపుతుందని చెప్పే క్రోనోమీటర్ సర్టిఫికెట్ కావాలంటే వాచీ లోపలి యంత్రాన్ని స్విస్ పరీక్షా సంస్థ సీవోఎస్‌సీ 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తుంది. సగటు తేడా రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లలోపు ఉండాలి. తప్పినవాటిని సరిచేసి మళ్లీ పంపితే ఇంకో 15 రోజులు. ఫోన్లు చేసినంత మాత్రాన ఈ గడువు తగ్గదు.

కాగితాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2017 నుంచి 'స్విస్ మేడ్' అని రాయాలంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లోనే అయి ఉండాలి. చవగ్గా వస్తాయని కేసుల్ని బయటి దేశానికి మార్చే ముందు ఈ లెక్క చూడకపోతే ఆ రెండు మాటలే పోతాయి. ఎలిగేటర్ (మొసలి జాతి) తోలు స్ట్రాప్ ఉంటే దేశం దాటించడానికి సైటీస్ (వన్యప్రాణుల వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ తప్పనిసరి. ఎగుమతి పర్మిట్ గడువు గరిష్ఠంగా 6 నెలలు. అందులో జంతువు శాస్త్రీయ నామం తప్పుపడితే సరుకు కస్టమ్స్‌లో చిక్కుకుంటుంది, స్ట్రాప్‌తో పాటు వాచీ కూడా. అందుకే వాచీకి రబ్బరు స్ట్రాప్ తగిలించి, తోలుదాన్ని విడిగా పంపే పద్ధతి నయం.

అందరూ చిన్నచూపు చూసేది విడిభాగాల విభాగాన్ని. మా దృష్టిలో పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఒక ఏడాదంతా మూడుసార్లే అడిగిన భాగాన్ని మరో ఏడాది ఒకే నెలలో ఐదుగురు అడుగుతారు, సగటు వేసుకుంటే మోసపోతాం. ఒక మోడల్ ఆపేసేటప్పుడు, రాబోయే ఏళ్ల సర్వీసుకు కావలసిన భాగాలకు చివరి ఆర్డరు అప్పుడే పెట్టాలి. నీరు లోపలికి పోకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు మాత్రం ఒకేసారి కొని దాచకూడదు, వాడకపోయినా గట్టిపడతాయి. పాతవి ముందు బయటికి వెళ్లేలా తేదీ వేసి పెట్టాలి.

సర్టిఫికెట్ చదువుల్లో, ప్రణాళిక, సరుకు నిల్వల నిర్వహణ నేర్పే సీపీఐఎం (CPIM) ఈ పనికి దగ్గరగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో వాచీల తయారీకి పేరున్న జూరా ప్రాంతపు వర్క్‌షాపులతో మాట్లాడేందుకు ఫ్రెంచ్ కావాలి. ఇంటర్వ్యూకు వెళ్లేవారు బ్రాండ్ చరిత్ర బట్టీపట్టే బదులు ఆ 167 ఎలా వచ్చిందో కాగితం మీద చేసి చూపగలిగితే చాలు.

— ఈ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు