సెక్రటరీ రిపోర్ట్: ఈ ఏడాది మన తెలుగు సంఘం, డోర్కింగ్ ట్రిప్పు

అందరికీ నమస్కారం. ఏజీఎమ్‌లో, అంటే ఏడాదికోసారి జరిగే సభ్యుల మీటింగ్‌లో, రిపోర్ట్ చదవాలి కాబట్టి రాస్తున్నా. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎలా జరిగాయో మీరే చూశారు, పులిహోర కలిపిన అక్కలకీ, కుర్చీలు మోసిన తమ్ముళ్ళకీ, పిల్లలకి డాన్సులు నేర్పిన టీచర్ గారికీ పేరుపేరునా థ్యాంక్స్.

గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీలోని డోర్కింగ్ ఊరికి వెళ్ళిన ట్రిప్పే. కాటన్ దొర 1899లో పోయింది ఆ ఊళ్ళోనే, సమాధి కూడా అక్కడి సిమెట్రీలోనే, కాబట్టి గోదావరి జిల్లాల వాళ్ళు దండలతో ముందే రెడీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా కట్టేసిన మనిషి ఇంత చిన్న రాయి కిందా అని ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత టైముంది కదా అని సెయింట్ మార్టిన్స్ పారిష్ చర్చికి వెళ్తే అసలు కథ అక్కడ దొరికింది. 1086లో ఇంగ్లండ్ రాజు తీయించిన భూముల సర్వే, డూమ్స్‌డే లెక్కల్లోనే డోర్కింగ్‌కి చర్చి ఉంది. మధ్యయుగాల కట్టడాన్ని 1830ల్లో చాలావరకు పడగొట్టి కొత్తది కట్టారు, అదీ నలభై ఏళ్ళు నిలవలేదు, పడిపోయి కాదు, జనానికి నచ్చక! హెన్రీ వుడ్‌యర్ అనే ఆర్కిటెక్ట్ ముందు ఆల్టర్ వైపు భాగం, తర్వాత మిగతాదంతా మార్చి 1877కి పూర్తి చేశాడు. 210 అడుగుల శిఖరం బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ గుర్తుగా కట్టింది, ఆయన 1873లో ఆ దగ్గర్లోనే గుర్రం మీంచి పడి చనిపోయాడు. బానిస వ్యాపారం మీద పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ కొడుకే ఈయన. అంటే కాటన్ దొర ముసలితనంలో ఈ ఊళ్ళో ఉన్నప్పుడు ఆ శిఖరం ఇంకా కొత్తదే అన్నమాట. పిల్లలైతే చెకుముకి రాళ్ళ గోడని తడిమి తడిమి చూశారు, రౌండబౌట్ దగ్గర పెద్ద కోడిపుంజు బొమ్మ కనపడగానే చర్చిని మర్చిపోయారనుకోండి.

ఒక మాట అనక తప్పదు. వాట్సాప్‌లో "మేం రెడీ" అని బొటనవేళ్ళు పెట్టినవాళ్ళలో సగం మంది పొద్దున ఫోనే ఎత్తలేదు, ముందే డబ్బు కట్టిన కోచ్‌లో సీట్లు ఖాళీగా వెళ్ళాయి. పండగ హాలు బుకింగ్ కోసం పెట్టిన మెయిల్స్‌కి ఒక ఆఫీసు నుంచి ఇప్పటికీ జవాబు లేదు.

లెక్కలు ట్రెజరర్ గారి దగ్గరున్నాయి, ఆడిట్ అయింది, కోచ్ ఖర్చు పోను కొంచెం మిగిలింది, కావాల్సినవాళ్ళు టీ టైంలో చూసుకోండి. వచ్చే ఏడాది కమిటీకి పేర్లు ఇవాళే ఇవ్వండి, వంటకి ఇద్దరు, కోచ్‌కి ఒకరు కచ్చితంగా కావాలి.